గాటు పడ్డ వేలిముద్ర

వెలుతురు తగిలితే, క్యాన్సర్ మీద పరీక్షిస్తున్న విటమిన్-ఎ మందు పాడవుద్దని, నరసరావుపేట కాలేజీ ల్యాబులో రాత్రిపూట హిమబిందు ఒక్కతే ఎర్రబల్బు కింద పనిచేస్తోంది. గాజు పళ్లెంలో ఉన్నవి సుబ్బరత్నం క్యాన్సర్ కణాలు. "మందు పనిచేసిద్దో లేదో నిజం చెప్పాలమ్మాయ్" అని, ఒప్పుకోలు కాగితం మీద కొడవలి గాటున్న బొటనవేలితో ముద్రేసి కణాలిచ్చి, నెల కిందట పోయిందామె.

మందు పనిచెయ్యలేదు.

"కణాలన్నీ చచ్చాయని రాసెయ్. పోయిన మనిషొచ్చి అడుగుద్దా?" అన్నాడు ప్రొఫెసర్ ఫోన్లో.

హిమబిందుకి ఒళ్లు మండిపోయింది. అయినా, తన డిగ్రీ ఆయన చేతిలో ఉంది కాబట్టి ఆయన చెప్పినట్టే రాసింది.

కాగితం మీద తడి వేలిముద్ర పడింది. మధ్యలో గాటు.

చించేసి మళ్లీ రాసింది. మళ్లీ అదే ముద్ర. తలుపు గడియ వేసే ఉంది.

"నీ డిగ్రీ తగలబడ!" అని పళ్లు కొరుకుతూ, "కణాలు బతికే ఉన్నాయి" అని రాసింది.

ముద్ర పడలేదు.

చేతులు చూసుకుంది. సుబ్బరత్నం కొడవలి గాటు తన బొటనవేలి మీదుంది.