గడప దాటాక అడుగు

చలిని అమ్ముకున్నది మీరే. కొండ అంచున టెంట్లు వేసినవాళ్లూ, వేస్తుంటే చూసీ చూడనట్టు పోయినవాళ్లూ.

ఏజెన్సీ కొండలకి చలిగాలుల హెచ్చరిక వచ్చింది. పగలు ఎండ మండుతుంది, పొద్దు వాలగానే ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది, పసిపిల్లలు జాగ్రత్త అని అందులో ఉంది.

మీరు ఆ జాగ్రత్త ఒక్కటీ తీసేశారు. ‘గడ్డకట్టే చలి, త్వరపడండి’ అని రంగులు పూసి ఫోన్లకు వదిలారు.

చింతపల్లి పైన టెంట్లు నిండాయి. ఘాట్ రోడ్డూ నిండింది. రెండు పక్కలా కార్లే.

వరహాలరావు అనకాపల్లి నుంచి భార్య అనురాధతో, ఇంకా మాటలు రాని పసిపాపతో వచ్చి, మిగిలిన కాస్త సందులో తన కారు దూర్చాడు.

దిగీ దిగకముందే బానెట్ మీద కర్ర పడింది.

ఎదురుగా ముసలమ్మ.

“బండి తియ్యి బాబూ. దారికి అడ్డమెట్టకు.”

“గీత పడితే కొత్తది కొనిస్తావా? ఈ కొండ మీదికి ఇంకే బండి వస్తాదని నీ గోల?”

ముసలమ్మ అతన్ని తేరిపార చూసింది. పక్క కారు దగ్గరికి పోయింది. టక్.

టెంట్ల మేనేజర్ బాలాజీ నవ్వాడు.

“యర్రమ్మని ఆ కింది ఇంటావిడ సార్. నిరుటి నుంచీ ఇదే పని. పిచ్చి.”

మధ్యాహ్నం వీపు చుర్రుమంది.

“ఇదా చలి? మన అనకాపల్లే నయం,” అన్నాడు వరహాలరావు.

అనురాధ పాపకి స్వెటర్ విప్పేసింది. పాప టెంట్ల పక్కనున్న వాగులో పడి ఆడింది.

పొద్దు కొండ వెనక్కి జారింది. అంతే. ఎవరో తలుపు తీసినట్టు చలి మీద పడింది.

అనురాధ పాపకి స్వెటర్ తొడిగింది. దాని మీద ఇంకోటి తొడిగింది. పాప కాసేపు వణికింది. తర్వాత వణకడం మానేసింది. పిలిస్తే కళ్లు తెరవడం లేదు.

“ఏమండీ, పెదాలు నల్లబడుతున్నాయి.”

కార్లోకి పరిగెత్తారు. హీటర్ పెట్టారు. ఆస్పత్రి కింద చింతపల్లిలో ఉంది. కారు ముందుకి పోదు, వెనక్కి పోదు. ముందొక కారు, వెనకొకటి, పక్కన ఇంకొకటి.

వరహాలరావు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

“ఎందుకు బ్రదర్ అంత హారన్? ఇక్కడ పాట వినపడ్డం లేదు,” అన్నారు టెంట్లోంచి.

కారు అద్దం మీద కర్ర టకటకలాడింది.

“ఆ పసిగుంటని ఇలాగియ్యి.”

అనురాధ పాపని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“ఇయ్యమ్మా, బేగి. నానేటి తినేత్తానా?”

యర్రమ్మ పాపని అందుకుని స్వెటర్ల లోపలికి చెయ్యి పోనిచ్చింది. అడుగున గౌను తడి తడిగానే ఉంది.

“వాగుని కూడా కట్టి తెచ్చారు,” అంటూ నడుస్తూనే ఆ తడి బట్టలన్నీ లాగేసింది. పాపని ఒంటికి ఒళ్లు ఆనించి హత్తుకుని, పైన తన దుప్పటి చుట్టింది.

రోడ్డు దిగితే ఆమె ఇల్లు. మధ్యలో మంట. మంట దగ్గర కొడుకు సుక్రు.

సుక్రు పాపని చూశాడు. లేచి, మూలనున్న పెట్టెలోంచి ఒక బొంత తీశాడు. పాత చీరలతో కుట్టిన చిన్న బొంత, పసిపిల్లల కొలత. ఒక్క క్షణం చేతుల్లోనే ఉంచుకుని, తల్లికి అందించాడు.

ఆ ఇంట్లో పిల్లలెవరూ లేరు.

చాలాసేపటికి పాప మూలిగింది. తర్వాత ఇల్లదిరేలా ఏడ్చింది.

“అదీ. తిట్టు. మీ అయ్యని బాగా తిట్టు,” అంది యర్రమ్మ.

అనురాధ ఏడుస్తూ ఆమె కాళ్ల మీదికి వంగబోయింది.

“లెగమ్మా. కొండెక్కినాక ఇది కొండ గుంటే. మా గుంటకి మేం సేసుకుంటే నీకేటి?”

వరహాలరావు మంట వైపే చూస్తూ అడిగాడు.

“కార్లని ఎందుకు కొడతావమ్మా?”

“మంట కాడ కూకున్నోళ్లతో తగువెట్టుకోం బాబూ. మా ఊరి కట్టుబాటది. పొద్దున్న గడప దాటాక అడుగు.”

తెల్లారింది. పాప చోడి జావ తాగి, యర్రమ్మ ముక్కు పట్టి లాగింది. బయట కార్లన్నీ తెల్లగా మంచు పట్టి ఉన్నాయి.

వరహాలరావు గడప దాటాడు. వెనక్కి తిరిగి అడిగాడు.

యర్రమ్మ బొంత మడత పెడుతూ తల ఎత్తలేదు. సుక్రు బయటికొచ్చి చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పేసి కట్టెలకి పోయాడు.

వరహాలరావు రోడ్డు మీది కార్ల వరస చూశాడు. తర్వాత గోడకి చేరేసిన యర్రమ్మ కర్ర అందుకున్నాడు.

మొదటి దెబ్బ తన కారు మీదే వేశాడు. మంచు పెచ్చులుగా రాలింది. తర్వాత ముందు కారు. తర్వాత దాని ముందుది. టెంట్ల జిప్పులు తెరుచుకున్నాయి.

బాలాజీ పరిగెత్తుకొచ్చాడు.

“ఏటి సార్, మీకూ పట్టిందా పిచ్చి? పొద్దున్నే ఏ బండి వస్తాదనీ?”

“నిరుడు ఇదే చలిలో సుక్రు కూతురి కోసం అంబులెన్సు వచ్చింది బాలాజీ. మన కార్లు దాటలేక కింది మలుపులోనే ఆగిపోయింది. ఆ పిల్ల బొంతే రాత్రి మా పాప కప్పుకుంది. ఇంక ఒక్కటి కూడా ఈ దారి మీద ఉండకూడదు. తియ్యండి. ఇప్పుడే.”