రెండవ గాజుముక్క

రేపల్లెలోని పాత వరస ఇళ్లలో చివరిది రూతుది. రోహిణీకార్తె ఎండకు పడమటి గోడ కాగి, మూడు నెలల బిడ్డ ఆ గదిలో నిద్రపోవడం లేదు. గోడకు వెలుపల మరొక ఇటుక గోడ కట్టి, నడుమ ఊక నింపితే గది చల్లబడుతుంది.

తాపీమేస్త్రి కొండయ్య మాత్రం, తొంభై తుఫానులో పాత గోడకు పడిన పగులుకు అడ్డంగా ముందు ఒక గాజుముక్కను సిమెంటుతో అతికించాడు.

“వారం చూద్దాం అమ్మాయ్. గాజు విరిగిందంటే గోడ కదులుతున్నట్టే. అప్పుడు కూల్చి కట్టాల్సిందే.”

“వారమా! ఈలోగా బిడ్డ ఉడికిపోద్ది బాబాయ్.”

“ఉక్కకైతే విసనకర్ర ఉంది. గోడ మీద పడితే ఏం అడ్డం పెడతావ్?”

వారం తరువాత వచ్చి చూశాడు. గాజు చెక్కు చెదరలేదు. నాలుగు రోజులలో కొత్త గోడ లేచింది. పగులూ గాజూ ఊక వెనుక కనుమరుగైనాయి.

“ఇహ నిశ్చింతగా పడుకోండి,” అని కొండయ్య తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు.

బిడ్డ ఆ గోడ పక్కనే గాఢంగా నిద్రపోతోంది. చెంప మీద రాలిన సున్నపు పొడిని రూతు పైటచెంగుతో తుడిచింది.

కొండయ్య అతికించిన గాజు మూడవ రోజునే విరిగింది. అతడు చూసినది, పటం అద్దం పగలగొట్టి ఆమె అతికించిన ముక్క.