ఇద్దరే మిగిలిన ఇంటిపేరు

“ఇంకా లోపలికి పిలవలేదుగా. పేరు మార్చుకోనని చెప్పెయ్యమ్మా,” అన్నాడు గెరాల్డ్.

జర్మనీలోని గోస్లార్ ఊరి రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది అతని కూతురు వీబ్కె. పక్కన పెళ్ళికొడుకు హెనింగ్ ష్మిట్. కాసేపట్లో ఆమె కూడా వీబ్కె ష్మిట్ అయిపోతుంది. గెరాల్డ్ కేర్‌వీడర్ బాధంతా అదే.

“ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది నాన్నా. నీకు ఇంకో మాట చెప్పాలి. సాక్షి సంతకం గురించి…”

“సాక్షి ఎవరైతే ఏమిటి? ముందు పేరు సంగతి చూడు. ష్మిట్ అట! ఇక్కడ నిలబడి ష్మిట్ అని కేకేస్తే వరండాలో సగంమంది వెనక్కి తిరుగుతారు.”

హెనింగ్ నవ్వేశాడు. “అదే మాకు సుఖం గెరాల్డ్ గారూ. ఫోన్లో ఒక్కో అక్షరం విడదీసి చెప్పే పని లేదు.”

“నువ్వే మా పేరు తీసుకోరాదూ? చట్టం ఒప్పుకుంటుందిగా. ఎంతమంది మగవాళ్ళు పెళ్ళాం పేరు పెట్టుకోవడంలేదు?”

“నాకు అభ్యంతరం లేదండీ. కానీ మా రిపేరు షెడ్డు బోర్డు మీద మూడు తరాలుగా ష్మిట్ అనే ఉంది. దాన్ని చెరిపితే మా నాన్న నన్ను గడప తొక్కనివ్వడు.”

“మీ నాన్నకున్న పట్టుదల నాకుంటే తప్పా?”

హెనింగ్ పూలగుత్తిలో వంగిన పువ్వొకటి సరిచేశాడు.

గెరాల్డ్‌కి ఈ దిగులు కిందటి చలికాలం పట్టుకుంది. రేడియోలో ఇంటిపేర్ల పుట్టుక చెప్పే ఒక ప్రొఫెసరు ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేసి తన పేరు గురించి అడిగాడు. “కేర్‌వీడర్ అంటే ‘తిరిగి రా’ అని. కూలికి యుద్ధం చెయ్యడానికి పోతున్న కొడుకుతో ఏ తల్లో గుమ్మంలో నిలబడి ఆ మాట అని ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు వాణ్ణి అలాగే పిలిచి ఉంటారు,” అన్నాడాయన. పొంగిపోయాడు గెరాల్డ్. అంతలోనే ప్రొఫెసరు, “టెలిఫోన్ పుస్తకంలో నంబరు వేయించుకున్నవాళ్ళలో దేశం మొత్తం మీద మీరొక్కరే కనిపిస్తున్నారండీ,” అన్నాడు. అప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు.

“మనిద్దరమే మిగిలాం వీబ్కె. నువ్వు కూడా వదిలేస్తే నాతో సరి.”

“చిన్నప్పుడు అల్లరి చేస్తే టీచరు నన్ను బయటికి పంపేది. వెనకనించి క్లాసంతా ‘తిరిగి రా, తిరిగి రా’ అని పాట. ఆ పేరుతో నేను పడ్డది చాలు నాన్నా.”

“నేను పడలేదా? అరవై ఆరేళ్ళ నించీ పడుతున్నా. పోనీ, రేపు పుట్టబోయే పిల్లలకైనా…”

“మా ఇద్దరికీ ఒకే పేరున్నాక పిల్లలకి వేరేది పెట్టనివ్వరు నాన్నా. నువ్వే అన్నావుగా, చట్టం అని.”

గెరాల్డ్ మొహం తిప్పుకున్నాడు. వీబ్కె అతని మోచెయ్యి పట్టుకుంది.

“ఇప్పుడైనా నా మాట విను. అమ్మావాళ్ళూ వచ్చారు. సాక్షిగా…”

“రానీ. నేను పలకరించను, పోట్లాడను. వాళ్ళ ఊసు నా దగ్గర ఎత్తకు,” అంటూ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

భార్య అల్ముట్ అతన్ని వదిలి వెళ్ళేనాటికి వీబ్కెకి ఆరేళ్ళు. కూతుర్ని వెంటపెట్టుకుని కాసెల్ వెళ్ళిపోయి అక్కడ ఇంకొకతన్ని పెళ్ళి చేసుకుంది. ఆ ఇంటి సంగతి కూతురు ఎప్పుడెత్తినా గెరాల్డ్ ఇలాగే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

తలుపు తెరుచుకుంది. అందరూ లోపలికి వెళ్ళారు. అల్ముట్ తాలూకు వాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. గెరాల్డ్ అటు కన్నెత్తి చూడలేదు. ముందు వరసలో ఒక్కడే కూర్చున్నాడు.

రిజిస్ట్రారమ్మ ఇద్దరి చేతా ‘ఒప్పుకుంటున్నాం’ అనిపించింది. “ఇకమీదట మీ ఇద్దరి ఇంటిపేరూ ష్మిట్,” అంది చిరునవ్వుతో. అందరూ చప్పట్లు కొట్టారు. గెరాల్డ్ కూడా చేతులు ఎత్తాడు గానీ అవి కలవలేదు. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇప్పుడు సాక్షులు వచ్చి సంతకం చెయ్యాలి. పెళ్ళికొడుకు తరఫున శ్రీమతి లూడర్స్. పెళ్ళికూతురు తరఫున శ్రీ కేర్‌వీడర్.”

గెరాల్డ్ ఉలిక్కిపడ్డాడు. ఇదా, పొద్దున్నించీ పిల్ల చెప్పాలని తాపత్రయపడింది? తను విననైనా వినలేదు. కళ్ళు చెమర్చాయి. కోటు బొత్తాలు పెట్టుకుని లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి కలం అందుకున్నాడు. పోతే పోయింది. పిల్ల పెళ్ళికాగితం మీద తన పేరు ఒక్కసారైనా ఉంటుంది.

రిజిస్ట్రారమ్మ తన ముందున్న సాక్షి గుర్తింపు కార్డు చూసింది. అతని మొహం చూసింది. మళ్ళీ కార్డు చూసింది.

“నాన్నా,” అంది వీబ్కె. “నువ్వు కాదు.”

“నేను కాదా? ఈ గదిలో ఇంకో కేర్‌వీడర్ ఎవరున్నారమ్మా?”

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. అల్ముట్ భర్త లేచి, తల వంచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

“మన్నించండి. విడాకులయ్యాక కూడా అల్ముట్ మీ ఇంటిపేరు వదులుకోలేదు. ఇంట్లో వీబ్కె ఒక్కతే వేరే పేరుతో ఉండకూడదని, మా పెళ్ళిలో నేనూ అదే తీసుకున్నాను,” అన్నాడు మెల్లిగా. “మా ముగ్గురు మగపిల్లలూ కేర్‌వీడర్లే.”