జగ్గమ్మ వెబ్‌సైటు

"అది వద్దు, ఇదీ వద్దు. ఇదిగో, ఈ బంతిపూలదెట్టు," అంది జగ్గమ్మ లాప్‌టాప్ తెర మీద వేలు ఆనించి.

పుష్పరాణి నవ్వింది. "నీ ఫోటో సుట్టూ బంతిపూలేటమ్మా, మరీ పాతకాలంలాగ! ఆ నీలం అంచుది ఎంత బాగుందో సూడు."

"ఫోటో నాది, పచ్చళ్ళు నావి. సెప్పినట్టు ఎట్టే గుంటా!"

పుష్పరాణి ఫ్రీలాన్సు రచయిత్రి. ఎవరెవరి సబ్బులనో, ట్యూషన్ సెంటర్లనో ఇంగ్లీషులో, బెంగాలీలో పొగిడి రాయడం ఆమె బతుకుతెరువు. ఆ రాతలు పక్కన పెట్టి, కొన్నాళ్ళుగా వీడియోలు చూసి వెబ్‌సైటు కట్టడం నేర్చుకుంటోంది. అంతా అమ్మ కోసమే. కోల్‌కతా గార్డెన్ రీచ్ బజారులో ఎండురొయ్యల పచ్చడి అమ్మి పిల్లల్ని పెంచిన మనిషి జగ్గమ్మ. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి బజారుకు వెళ్ళలేకపోతోంది. ఇంటికే ఆర్డర్లు రాకపోతే ఆ పచ్చడి సంగతి ఇక అంతే.

"ఇది ఎక్కడెక్కడ అగుపిస్తాదే?"

"ఎక్కడైనా అగుపిస్తాదమ్మా."

"ఖిదిర్‌పూర్‌లో? బడ్జ్ బడ్జ్‌లో?"

"ఆ, జూట్ మిల్లులోళ్ళు కూడా కొంటారులే. మనోళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎడతాను కదా."

మర్నాడు పొద్దున్నే లింకు గ్రూపులో పెట్టింది. శ్రీకాకుళం నుంచి వచ్చి కోల్‌కతాలో స్థిరపడ్డవాళ్ళందరూ ఉన్న గ్రూపు అది. అన్న మధుబాబు కూడా అందులో ఉన్నాడు. తనకు నచ్చిన పిల్లను చేసుకున్నాడని జగ్గమ్మ అతణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. అతనూ తక్కువ తినలేదు. బడ్జ్ బడ్జ్ ఆయిల్ డిపోలో పని చూసుకుని, మళ్ళీ ఇటు తొంగి చూస్తే ఒట్టు! అతని పేరెత్తితే జగ్గమ్మ ఇప్పటికీ అక్కణ్ణించి లేచిపోతుంది.

టీ కాచుకునేలోపే ఫోను మోగింది. భవానీపూర్ నుంచి అప్పమ్మ.

"ఓలమ్మో, ఎంత పని జరిగిపోనాదే! మొన్న కూడా మాటాడినాను గదే! ఎప్పుడు పోనాది?"

"ఎవలు పిన్నీ?"

"మీయమ్మేనే తల్లీ! సాయంత్రం డ్యూటీ అవగానే ఒస్తాను."

పుష్పరాణి చెప్పబోయేలోగా జగ్గమ్మ చెయ్యి చాపి ఫోను లాక్కుని కట్ చేసింది. పుష్పరాణి ఫోను మళ్ళీ తీసుకుని గ్రూపు తెరిచింది. లింకు కింద అమ్మ ఫోటో, చుట్టూ బంతిపూలు. ఫోనంత చిన్న తెర మీద అచ్చంగా దండ వేసిన ఫోటోలాగే ఉంది! దాని కింద వరసగా దండం బొమ్మలు. లింకు నొక్కి చూసినవాడు ఒక్కడూ లేడు. పైన 'పచ్చళ్ళు' అని ఒక్క మాట రాసినా సరిపోయేది. రాయడమే పనైన మనిషికి ఆ ఒక్క మాటా రాయాలని తోచలేదు.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "మైలింటి పచ్చడి ఎవలు కొంటారమ్మా! నా సేతుల్తో నేనే నీ యాపారం ముంచీసినాను. ఉండు, నువ్వు బతికే ఉన్నావని ఇప్పుడే రాసీస్తాను."

"రాయకు. మద్దేనం దాకా ఉండనీ."

"ఉండనీయడమేటమ్మా?"

"ఎంతమంది దండం ఎడతారో సూద్దుమే. బతికుండగా ఈ బోగం ఎవలికి దొరుకుతాది?"

ఇదేం చోద్యమో పుష్పరాణికి అర్థం కాలేదు. జగ్గమ్మ మాత్రం తలంటుకుని, పెట్టెలోని చీర తీసి కట్టుకుని, మోకాళ్ళ నొప్పితోనే గుమ్మంలో కూర్చుంది. సందు మొదట్లో బస్సు ఆగిన చప్పుడైనప్పుడల్లా మెడ సాచి చూసింది. ఇంకా ఎవరో పచ్చడికి వస్తారనే ఆశ కాబోలు, పిచ్చితల్లి! చూడలేక పుష్పరాణి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

మధ్యాహ్నం దాటాక జగ్గమ్మ పిలిచింది. "ఎవలెవలు దండం ఎట్టినారో సదవే."

"బైరాగి బాబాయి, సూరన్న మావయ్య, అమ్ములు..." పుష్పరాణి ఆగిపోయింది.

"ఆగిపోనావేటే?"

"అన్నియ్యమ్మా. పొద్దున్నే ఎట్టినాడు."

జగ్గమ్మ లేచిపోలేదు. "ఇంకేటైనా రాసినాడా?"

"నేదమ్మా. దండం బొమ్మొక్కటే."

జగ్గమ్మ మరోసారి సందు మొదటికేసి చూసింది. పుష్పరాణి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాదే తప్పమ్మా. సూసుకోకుండా ఎట్టీసినాను."

"నీ తప్పేటీ నేదే. ఆ పూలు తీసీయ్," అంది జగ్గమ్మ, గోడ పట్టుకుని లేస్తూ. "నా సావుకైనా ఒస్తాడనుకున్నాను."