గోడలు అప్పజెప్పిన మాట

చర్చి మధ్యలో నిలబడి మైకుసెట్ల సాహెబ్ అరచేతులు ఒక్కసారి చరిచాడు. ఆ చప్పుడు గోడల చుట్టూ తిరిగి మూడుసార్లు వెనక్కి వచ్చింది.

కోతినాడించేవాడు కూడా ఇలాగే మొదలుపెడతాడు, అనుకున్నాడు సంఘ పెద్ద ఇశ్రాయేలు.

విజయవాడ వన్ టౌన్‌లో సాహెబ్‌ది మైకుసెట్ల కొట్టు. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు ఎస్టీడీ బూతుకి వెళ్లి మరీ ఫోన్ చేసి పిలిపించారు. ఇశ్రాయేలుకి మొదట్నుంచీ నచ్చలేదు. పెళ్లి పందిళ్లకీ ఎన్నికల జీపులకీ మైకులు కట్టేవాడికి పూజ సంగతి ఏం తెలుస్తుంది?

కానీ ఏదో ఒకటి చెయ్యక తప్పదు. ఫాదర్ గారి ప్రసంగం మూడో బెంచీ దాటితే మాటలా ఉండదు, బిందెలో పడ్డ తుమ్మెదలా ఉంటుంది. ఇశ్రాయేలు ఊరుకున్న మనిషీ కాదు. గుళ్లో చప్పుడన్నదాన్ని ఏళ్ల తరబడి వేటాడుతూనే ఉన్నాడు. మార్త చంటిపిల్ల ఏడిస్తే, "పిల్లకి మాటలొచ్చాక తీసుకురామ్మా" అన్నాడు. ముసలి జోజప్ప దగ్గితే, "తగ్గాక రా జోజప్పా, ఇది గవర్నమెంటాసుపత్రి కాదు" అన్నాడు. చేతినిండా గాజులేసుకున్న ఆడవాళ్లు, పాటలో శ్రుతి తప్పే కుర్రాళ్లు, ఆలస్యంగా వచ్చి తలుపు కిర్రుమనిపించేవాళ్లు, ఎవరికి తగిన మాట వాళ్లకి ఆయన దగ్గర ఉంది.

ఇంత చేసినా మోత తగ్గలేదు సరికదా, పెరిగింది. క్రిస్మస్ పూజకి మాత్రం అదే పాత మైకు గంటలా పలికింది. నెల తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. దానికి ముసలితనం వచ్చిందని ఇశ్రాయేలు తేల్చేశాడు.

"మైకు ఒక్కటే కాదేమో, ఇశ్రాయేలు గారూ," అన్నారు ఫాదర్, సంఘం మీటింగులో మెల్లగా.

"మీరు కొత్త ఫాదర్, మీకు తెలీదు. కొత్త సెట్టు పెట్టించండి. ఆదివారం మీ మాట చివరి బెంచీ దాకా విడివిడిగా వినపడకపోతే, పద్దెనిమిదేళ్ల పెద్దరికం వదిలేసి పోతా."

అంత మాట అందరి ముందూ అన్నాడు. అందుకే ఇవాళ సాహెబ్ వెనకే తిరుగుతున్నాడు.

"ఖాళీ గుడి కదండీ, మోగుద్ది," అన్నాడు సాహెబ్. "జనం కూర్చుంటే ఆ మోత వాళ్లే మింగేస్తారు. లేదంటే గోడలకి మందపాటి పరదాలు కట్టాలి. పూజకి ఎంతమంది వస్తారండీ?"

"ఆరు వందల పన్నెండు."

ఇశ్రాయేలు తడుముకోలేదు. జ్ఞానస్నానాల పుస్తకం ఉండే బీరువా తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. ఏటా బిషప్ గారికి పంపే కాగితంలో ఆ అంకె వేసేదీ ఆయనే.

"అంతమందుంటే పరదాలు అక్కర్లేదండీ. దానికి తగ్గట్టే పెడతాను."

"అక్కర్లేదో అవసరమో నువ్వు చెప్పాలా? తీగలు లాగు ముందు."

మూడు రోజులు సాహెబ్ నిచ్చెన మీద, ఇశ్రాయేలు కింద కుర్చీలో. స్తంభానికో స్పీకరు బాక్సు బిగిసింది. బాక్సుకో వంక దొరికింది.

ఆదివారం వచ్చింది. సాహెబ్‌ని చివరి బెంచీలో కూర్చోబెట్టి, "పూజయ్యేదాకా కదలొద్దు" అని చెప్పి, ఇశ్రాయేలు ఎప్పట్లాగే మొదటి బెంచీలో కూర్చున్నాడు. పిల్ల ఏడుపు లేదు. దగ్గు లేదు. గాజుల గలగల లేదు. ఈ నిశ్శబ్దం తన చేతి కష్టం. ఇక మైకు పలకడమే తరువాయి.

ఫాదర్ గారు చేతులు చాపి, "అందరూ రండి" అంటూ ప్రసంగం మొదలుపెట్టారు.

"అండి... అండి... అండి..." అన్నాయి గోడలు, ఎక్కాలు అప్పజెప్పే బడిపిల్లల్లా.

చివరిదాకా అదే వరస. ఇశ్రాయేలు చెవులు ఎర్రబడ్డాయి.

పూజ అయిందో లేదో సాహెబ్‌ని పీఠం మెట్ల దగ్గరికి పిలిచి, ఫాదర్ ముందే అందుకున్నాడు.

"విన్నారా ఫాదర్? మీ సాహెబు మా గోడలకి మర్యాద నేర్పాడు, మాటమాటకీ అండి అంటున్నాయి. పందిట్లో పనికిరాని డబ్బాలన్నీ తెచ్చి దేవుడి ఇంట్లో తగిలించాడు. పెద్దరికం వదలాల్సింది నేను కాదు, కొట్టు మూసుకోవాల్సింది ఈయన."

సాహెబ్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"తేడా ఎక్కడొచ్చిందో మీరే చెప్పండి సాహెబ్ గారూ," అన్నారు ఫాదర్.

"సెట్టింగు పెద్దాయన చెప్పిన ఆరు వందల పన్నెండు మందికీ సరిగ్గానే పెట్టానండీ," అన్నాడు సాహెబ్, "ఇవాళ పూజకి వచ్చింది మాత్రం నాతో కలిపి ఇరవై ముగ్గురం."