మౌస్ ఎవరు జరిపిన్రు?

“మౌస్ ఎవరు జరిపిన్రు?”

దేవప్రసాద్ అరుపు వంటింటి దాకా వచ్చింది. రత్నమణి చేతిలో గరిటె ఆగిపోయింది.

“నేనే. దుమ్ము తుడిచిన. జానెడు జరిగిందేమో. గంత మాత్రానికి గట్ల అరుస్తరా?”

“టేబుల్ మీద ఏదీ ముట్టొద్దని చెప్పిన్నా లేదా?”

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఆమె మీద గొంతు పెంచింది లేదు. ఇంట్లో ఉండేదే ఇద్దరు. ఆ ఇద్దరి మధ్యా రెండు నెలలుగా ఏదో వచ్చి కూర్చుంది. అది ఆ కంప్యూటర్‌తో పాటే వచ్చిందని రత్నమణి గట్టి నమ్మకం.

దేవప్రసాద్ ఇంట్లోనే టైపు పని చేస్తాడు. నాంపల్లి ప్రెస్సులకు పెళ్లి పత్రికలు, చర్చి సావనీర్లు కొట్టి పెడతాడు. పాత డబ్బా సిస్టమ్‌తో పన్నెండేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. ఉన్నట్టుండి అంతా మార్చాలన్నాడు. అబిడ్స్ షాపు నుంచి అంజన్ వచ్చి కొత్త సీపీయూ పెట్టాడు. కొత్త కీబోర్డు, మైకున్న ఖరీదైన హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. గోడవైపు ఉండే టేబుల్ తిప్పి గుమ్మానికి ఎదురుగా వేశాడు. మానిటర్ మాత్రం పాతదే. దాన్ని పక్కకు తిప్పి టేబుల్ మూలకు నెట్టేశారు.

“ఏంది అంజన్, టేబుల్ గిట్ల తిప్పిన్రు?” అని అడిగింది రత్నమణి.

అంజన్ నలభై దాటినవాడు, నోరున్నవాడు. ఆ రోజు మాత్రం నీళ్లు నమిలాడు. “సార్ ఎట్ల చెప్తే అట్ల చేసిన మేడం. నన్నేం అడగకున్రి.”

గుమ్మానికి ఎదురుగా కూర్చుంటే ఎవరొస్తున్నారో ముందే తెలుస్తుంది. ఎవరొస్తే భయం ఈయనకు?

ఆమె ఎప్పుడు వెళ్లినా మానిటర్ నల్లగా ఉండేది.

“నేను రాంగనే ఎందుకు బంద్ చేస్తున్నరు?”

“కరెంటు బిల్లు” అన్నాడు.

ఒకరోజు హెడ్‌ఫోన్స్ టేబుల్ మీద ఉన్నాయి. లోపల ఒక ఆడగొంతు. ఆపకుండా, గబగబా ఏదో చెబుతోంది. రత్నమణి చెవి దగ్గర పెట్టుకునేలోపే ఆయన వచ్చి తీగ పీకేశాడు. ఇంకో రోజు సొరుగులో గోళ్ల రంగు సీసా దొరికింది. ఎర్రది, సగం వాడింది. రత్నమణి జన్మలో గోళ్లకు రంగు వేసుకోలేదు.

ఆమె సీసా ఎక్కడిదక్కడే పెట్టేసింది. అడిగితే అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం వినే ఓపిక ఆమెకు లేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివేది ఎప్పుడూ ఆయనే. ఆ రోజు ఇరవై మూడో కీర్తన గడగడా చెప్పేశాడు. రత్నమణి ఓరకంట చూసింది. ఆయన చేతిలో తెరిచి ఉన్నది మత్తయి సువార్త. మనసు ఎక్కడ తిరుగుతుందో! దేవుని వాక్యం చేతిలో పట్టుకొని కూడా ఇంత నటనా? ఆమె ఆమేన్ కూడా అనలేదు.

స్కూటర్ అమ్మేశాడు. నడుము నొప్పట. అప్పటి నుంచి ప్రతి గురువారం ఆటోలో నాంపల్లి. స్కూటరైతే నంబరు చూసి తెలిసినవాళ్లు గుర్తుపడతారు. ఆటోను ఎవరు గుర్తుపడతారు?

చివరికి గన్‌ఫౌండ్రీలో, తను పనిచేసే ఆఫీసు క్యాంటీన్‌లో, పక్కసీటు లోయిస్ మిగిలిన ముక్క కూడా అందించింది.

“అక్కా, చెప్పాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన. మొన్న గురువారం బావను నాంపల్లి స్టేషన్ దగ్గర చూసిన. ఒకామె చెయ్యి పట్టుకొని రోడ్డు దాటుతున్నడు.”

“ఎట్లుంది?”

“నీకంటే చిన్నదే. మంచిగ చీర కట్టింది. చెయ్యి గట్టిగ పట్టుకున్నడక్కా. నా ముందుకెల్లే పోయిన్రు. నన్ను చూసి చూడనట్టే పోయిండు.”

రత్నమణి టీ గ్లాసు పక్కకు నెట్టేసింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తర్వాతి గురువారం ఆయన బయటికి వెళ్లడం లేదని, ఇంట్లోనే పని ఉందని చెప్పాడు. ఆమె సగం రోజు సెలవు పెట్టింది. రెండు జతల బట్టలు సర్దిన బ్యాగు లోయిస్ దగ్గర ఉంచింది. కళ్లారా చూస్తుంది. నిజమైతే సాయంత్రం బస్సుకే మెదక్‌లో తమ్ముడింటికి. మళ్లీ ఈ గుమ్మం తొక్కేది లేదు.

మధ్యాహ్నం రెండింటికి తన దగ్గరున్న తాళంచెవితో చప్పుడు లేకుండా తలుపు తీసింది. చెప్పులు బయటే విడిచింది. హాల్లో ఎవరూ లేరు. గది తలుపు బార్లా తెరిచి ఉంది.

దేవప్రసాద్ ఒక్కడే ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్స్, నోటి దగ్గర మైకు. ఎవరితోనో మెల్లగా మాట్లాడుతూ నవ్వుతున్నాడు. వేళ్లు కీబోర్డు మీద పరుగెడుతున్నాయి. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది.

రత్నమణి గుమ్మం దాటింది. టేబుల్ దాకా వెళ్లింది. కొన్ని మీటల మీద ఎర్రటి చుక్కలు ఎండిపోయి, బొడిపెల్లా లేచి ఉన్నాయి. గోళ్ల రంగు. కీబోర్డుకు గోళ్ల రంగేమిటో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడే దేవప్రసాద్ తలెత్తాడు.

కిటికీలోంచి ఎండ ఇద్దరి మీదా పడుతోంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ టేబుల్ ఒక్కటే. ఆయన సూటిగా ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ ఆమె నాలుక చివరికి వచ్చాయి. ఆయన ముఖంలో కంగారు లేదు. ఆ నవ్వు కూడా చెదరలేదు.

“లేదు మేడం, మా రత్నమణి ఇంక రాలే, ఇంట్ల ఎవరు లేరు,” అన్నాడు దేవప్రసాద్ ఆమె కళ్లలోకే చూస్తూ, “నాకు చూపు పోయిందని ఆమెకు తెలిసేలోపట, మీరు నేర్పినట్టు ఒక్క పెండ్లి పత్రికన్న తప్పు లేకుండ కొట్టాలె.”