మసకబారని కూలీలు

పాత రైల్వే ఫొటోల ప్రదర్శనకు సిద్ధం చేస్తున్న హాల్లో, ఆ రాత్రి ఫొటోల కింద వివరాల చీటీలు అంటిస్తున్న ఆమెకు చివరిది చదవగానే ఒళ్ళు మండింది: ‘పట్టాల పక్కన సేదతీరుతున్న కూలీలు.’

“బాబాయ్, ఆ కాలంలో ఒక్క ఫొటో తీయడానికి నిమిషం పట్టేది. కదిలినవన్నీ మసకే. చూడు, కుక్క మసక, చెట్టు మసక. వీళ్ళు మాత్రం చెక్కినట్టున్నారు. నిద్రపోయినా ఊపిరికి ఛాతీ కదలదా? వీళ్ళు చచ్చిపోయినవాళ్ళు.”

“తెల్లారితే పెద్దలొస్తారు. నోరు మూసుకుని అంటించు.” బాబాయ్ తలుపు లాగి వెళ్ళిపోయాడు.

పళ్ళు నూరుతూ ఆమె ఆ అబద్ధాన్ని ఫొటో కింద అంటించింది. వెనుదిరిగేసరికి, ఖాళీ హాల్లో ఎవరో బరువుగా ఊపిరి పీల్చిన చప్పుడు.

మళ్ళీ ఫొటో వైపు చూసింది. చీటీకి దగ్గరగా పడున్న కూలీ చెయ్యి మసకబారి ఉంది.